ఆరున్నర కిలోల చిత్తుకాగితం

అట్-బాషి
ఆగస్టు 28

ఒసేయ్ ఉమ్సునాయ్,

బతికే ఉన్నావన్నమాట. నిన్న మా మనవడు ఫోన్ తెచ్చి నా ముక్కు కింద పెట్టాడు. చూద్దును కదా, నువ్వు! చెత్తడబ్బాల పక్కన నిలబడి, మెడలో పతకం వేసుకుని, ఎన్నికల్లో గెలిచినదానిలా నవ్వుతున్నావు. "ఈవిడ మీ చిన్ననాటి స్నేహితురాలు కదా అపా?" అన్నాడు. "కాదురా, దానికి ఇన్ని పళ్లు లేవు" అన్నాను. పళ్లు ఎప్పుడు కట్టించుకున్నావే? చెప్పనైనా లేదు. రాజధానికి పోయినవాళ్లు పళ్లతో పాటు బుద్ధి కూడా మార్పించుకుంటారేమో.

నా చెవుల సంగతి తెలుసుగా. ఫోన్లో నువ్వు మాట్లాడితే నాకు దోమ పాడినట్టుంటుంది. అందుకే ఈ కాగితం. కుబాత్ మినీబస్సులో పంపుతున్నాను, తోడుగా ఓ సంచి పెరుగు ఉండలు. వాడు దారిలో నాలుగు నోట్లో వేసుకుంటాడు, చూసీ చూడనట్టు ఊరుకో.

ఇంకో కబురు. మా ఎసెన్‌గుల్‌కి బాగోలేదు. "మా అన్న" అని రాయడానికి చెయ్యి ఇప్పటికీ మొరాయిస్తుంది. ఊపిరితిత్తులట. నారిన్ ఆసుపత్రి వాళ్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు, అంటే ఏమిటో నీకూ తెలుసు, నాకూ తెలుసు. పోయిన ఆదివారం కొడుకు మెదెర్‌ని పంపాడు. యాభై ఏళ్లవాడు గుమ్మంలో చిన్నపిల్లాడిలా తల వంచుకుని, "అత్తా, మా నాన్న మీద మనసులో ఏమీ ఉంచుకోవద్దని అడగమన్నాడు" అన్నాడు. పోయేముందు అందరూ అందరినీ అడిగేదే అది. టీ పోశాను, రొట్టె పెట్టాను, జవాబు మాత్రం పెట్టలేదు.

నేను రాతిదాన్నంటావా? నువ్వు కళ్లారా చూశావు కదే. మా నాయనమ్మ చావు ఏడ్పులు పాడితే గుర్రాలు కూడా మేత మానేవనేవాళ్లు. ఈ లోయలో ఎవరు పోయినా ముందు ఆమెకే కబురు వెళ్లేది. ఆమె పాడినవన్నీ మా నాన్న ఓ చలికాలమంతా పక్కన కూర్చుని తనకొచ్చిన పాత అరబ్బీ లిపిలో రాసుకున్నాడు. పన్నెండు పుస్తకాలు. మాకెవరికీ ఆ లిపి రాదు. "మీ పెళ్లిళ్లయ్యాక తీరిగ్గా చదివి వినిపిస్తా" అనేవాడు, అంతలోనే పోయాడు. ఆ పైన రెండేళ్లకి చూస్తే కొట్టంలో పుస్తకాలకి చుట్టిన మేకతోలు ఉంది, పుస్తకాలు లేవు. పాత లిపి కాగితాలు ఇంట్లో ఉంటే కొమ్సొమోల్ యువజన సంఘంలో తనకి చెడ్డపేరని అంతకు వారం ముందే ఇల్లెగిరిపోయేలా అరిచిందెవరు? వాడే. అమ్మ గరిటె తీసుకుని కొట్టింది. "నేను కాదు" అని ఒక్కసారన్నాడు. అని మూడు రోజులు ఇంటికే రాలేదు. తప్పు చేయనివాడు మూడు రోజులు ఎక్కడికి పోతాడు చెప్పు? పోయేదాకా అమ్మ వాడి చేతి టీ ముట్టలేదు. నేను వాడి గడప తొక్కలేదు.

సరే, నీ చెత్త రాజ్యం ఎలా ఉంది? రాయి.

బాత్మా

*

బిష్కెక్
సెప్టెంబర్ 9

బాత్మా,

పెరుగు ఉండలు పదిహేడు అందాయి. కుబాత్ మొహం చూస్తే ఇరవై అయిదు పంపినట్టున్నావు.

పళ్లు మార్చిలో కట్టించుకున్నాను. నీకు చెబితే నువ్వూ కట్టించుకుంటావు, అప్పుడు నాకున్న ఒక్క గొప్పా పోతుందని దాచాను.

ఇక నా రాజ్యం. ఇదంతా మా మనవరాలు పెరిజాత్ చేసిన పని. దాని ఆఫీసు వాళ్లు ఫోన్లో ఓ ఆట తయారు చేశారు. ఇంట్లో చెత్తని వేరుచేసి, సీసాలు ఒక సంచిలో, కాగితాలు ఒక సంచిలో, డబ్బాలు ఇంకో సంచిలో తెచ్చి ముంగిట్లో కాటా మీద పెట్టాలి. కిలోకి ఇన్ని పాయింట్లు. పాయింట్లు పెరిగేకొద్దీ కుందేలు నక్క అవుతుంది, నక్క తోడేలవుతుంది, చివర మంచుచిరుత. నలభై ఏళ్లు పిల్లలకి భూగోళం చెప్పి ఏమీ కాలేకపోయాను, రెండు నెలలు సీసాలు తొక్కి తోడేలునయ్యాను, నువ్వు చూసిన పతకం దానికే. గెలిచిన బ్లాకు ముంగిట్లో పిల్లలకి ఊయలలు, జారుడుబల్ల పెట్టిస్తారు. మా పద్నాలుగో బ్లాకుకి నేను నాయకురాలిని. పదహారో బ్లాకుకి జినైదా పావ్లోవ్నా. ఆవిడ మా చెత్తడబ్బాలోంచే సీసాలు ఏరుకుపోతోందని నా అనుమానం. ఆవిడకీ నా మీద అదే అనుమానం, అది నిజం కూడా.

మొన్న మూడో అంతస్తు సాదిక్ నిండు మంచినీళ్ల సీసాల పెట్టె కొనుక్కొచ్చి, నీళ్లన్నీ పూలమొక్కలకి పోసేసి, ఖాళీ సీసాలు కాటా మీద పెట్టాడు.

"ఇదేం పని సాదిక్? చెత్త తగ్గించమంటే కొని తెస్తావా?"

"టీచరమ్మా, రెండు వందల పాయింట్లు వెనకబడ్డాం. మొక్కలకైనా మంచిదేగా!"

వాడికి బుద్ధి చెప్పాల్సింది. రాసుకున్నాను పాయింట్లు. ఆట అంటే అదేనేమో.

పెరిజాత్ ఇంకో ఘనకార్యం చేసింది. పాత పత్రికలు తిరగేసి 1969లో మన బడిలో చిత్తుకాగితాల పోటీ ఫోటో పట్టుకొచ్చింది. ఎర్రరుమాలు, చేతిలో గెలుపు జెండా, రెండు జడలతో నేను. దాని పక్కన ఇప్పటి ఫోటో పెట్టి "అప్పుడూ విజేత, ఇప్పుడూ విజేత" అని నగరమంతా అంటించింది. బస్టాపులో నన్ను నేనే చూసుకుంటూ బస్సు ఎక్కుతున్నాను. వద్దే అన్నాను. "సిగ్గా అపా?" అంది.

బాత్మా, ఎసెన్‌గుల్ దగ్గరికి ఒకసారి వెళ్లిరా. జబ్బు మనిషి. యాభై అయిదేళ్లయింది. నువ్వు వెళ్లి కూర్చుంటే ఏం పోతుంది? గంట ప్రయాణం.

చలి మొదలయ్యేలోపు వెళ్లు.

ఉమ్సునాయ్

*

అట్-బాషి
సెప్టెంబర్ 22

ఉమ్సునాయ్,

నీ ఉత్తరం మొదటి సగానికి నవ్వాను, చివరి వాక్యాలకి ఒళ్లు మండింది.

నీకెందుకే వాడి మీద ఇంత ప్రేమ? ఇన్నేళ్లలో నేను వాడి పేరెత్తితే నువ్వు టీ పోసుకోవడానికి లేచేదానివి. "పోనీలే" అనలేదు, "తప్పు చేశాడు" అనలేదు. నా దుఃఖం కదిలించడం ఇష్టంలేక మాట మారుస్తోందనుకునేదాన్ని. నీ అంత మర్యాదస్తురాలు లేదని మా ఆయనతో అనేదాన్ని కూడా. ఇప్పుడు ఉన్నట్టుండి "వెళ్లిరా, గంట ప్రయాణం"!

నేనేమీ పెద్దగా అడగడం లేదు. "అవును, నేనే పారేశాను" అని ఒక్కమాట వాడి నోటితో అనమను. ఆ క్షణమే వెళతాను. మెదెర్‌తో అదే చెప్పి పంపాను. వాడు మళ్లీ వచ్చాడు. "నాన్న ఆ ఒక్కమాటా అననంటున్నాడు అత్తా. మిగతా అన్నిటికీ క్షమించమంటున్నాడు" అన్నాడు. చూశావా పొగరు? ఊపిరాడక మంచానికి అంటుకుపోయినా అబద్ధం వదల్లేదు. మిగతా అన్నీ ఏమిటట? మిగతావి ఏమున్నాయని?

బంగాళాదుంపలు తవ్వడం మొదలైంది. నడుం విరుగుతోంది. మీ ఆటలో బంగాళాదుంపలకి పాయింట్లుంటే నేను ఈపాటికి ఏనుగునయ్యేదాన్ని.

బాత్మా

*

బిష్కెక్
అక్టోబర్ 1

బాత్మా,

నీ ఉత్తరం నిన్న అందింది. రెండుసార్లు చదివాను.

ఇవాళ ముంగిట్లో ఒకటి జరిగింది. అయిదో అంతస్తు గులై, పాతికేళ్ల పిల్ల, ఓ పెద్ద మూట మోసుకొచ్చి కాటా మీద పెట్టింది. విప్పి చూస్తే ఉత్తరాలు, ఓ నోటుపుస్తకం, రుమాలులో చుట్టిన చీటీలు. వాళ్లత్త పోయి నెల కాలేదు.

"చదివావా?" అన్నాను.

"అత్తయ్య పాతవి టీచరమ్మా, ఎవరు చదువుతారు? నాలుగు కిలోలుంటాయి, రాసుకోండి. ఇవాళ్టితో మనం పదహారోవాళ్లని దాటేస్తాం!"

చుట్టూ పిల్లలు చప్పట్లు. నేను మూట కాటా మీంచి దించి మా ఇంట్లో పెట్టి తాళం వేశాను. పిల్లలు వెనకాలే వచ్చి, "మన నాయకురాలే మన పాయింట్లు తీసేస్తోంది!" అని తలుపు బాదారు. గులై ఇంకా అలిగే ఉంది.

నీకొక మాట చెప్పాలి. ఇరవయ్యో తారీఖున పోటీ ముగుస్తుంది. ఈ ఆటకి డబ్బిచ్చే పెద్దవాళ్లు బయటి నుంచి వస్తున్నారు, పెరిజాత్‌కి వచ్చే ఏడాది ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఆ రోజే తేలుతుంది. ఈ సర్కసు అవగానే అన్నీ వివరంగా రాస్తాను. నువ్వు మాత్రం అంతదాకా ఆగకు. ఏ మాటా అనిపించుకోకుండానే ఎసెన్‌గుల్ దగ్గరికి వెళ్లు. ఎందుకని అడగకు. నా మాట మీద వెళ్లు.

ఉమ్సునాయ్

*

అట్-బాషి
అక్టోబర్ 18

ఉమ్సునాయ్,

పదిహేనో తారీఖు పొద్దున అన్న పోయాడు.

నీ మాట మీద వెళ్దామనే అనుకున్నాను. బంగాళాదుంపలు లోపల పెట్టేసి శనివారం వెళ్దామనుకున్నాను. అన్న మంగళవారమే పోయాడు.

మట్టికి వెళ్లాను. ముంగిట్లో గుడారం వేశారు. లోపల ఆడవాళ్లు గోడకేసి తిరిగి కూర్చుని ఒకరి తర్వాత ఒకరు పాడుతున్నారు. మా వదిన తాజీకాన్ పాడింది, కూతుళ్లు పాడారు. చెల్లెలు పాడాలి కదా. అందరూ ఆగారు. నా చెవులు సరిగ్గా వినపడకపోయినా ఆ ఆగడం మాత్రం వినపడింది. నోరు తెరిచాను. ఒక్క మాట రాలేదు. మా నాయనమ్మ అన్నదమ్ముల కోసం పాడినవే అయిదో ఆరో ఉండేవని నాన్న చెప్పేవాడు. అందులో ఒక్కటి వచ్చినా పాడేదాన్ని. "అన్నా, నేను, బాత్మాని" అన్నాను. అంతే. పక్కనున్న ఎవరో ముసలావిడ జాలిపడి తన పాట అందుకుంది.

ఒప్పుకోకుండానే పోయాడు. నేను ఒప్పుకోకుండానే మిగిలాను.

ఇరవయ్యో తారీఖు మాట ఏదో ఉందన్నావు. ఏమిటది?

బాత్మా

*

బిష్కెక్
అక్టోబర్ 21

బాత్మా,

ఆ పుస్తకాలు తీసింది నేను.

ఈ వాక్యం మొదట రాయకపోతే రెండో పేజీ దాకా కబుర్లు చెప్పి మళ్లీ తప్పించుకుంటాను. అందుకే ముందే పెట్టాను.

నీకు గవదబిళ్లలు వచ్చి బడి మానేసిన వారం అది. మన ఆరో తరగతి ఎ, వాళ్ల బి మధ్య పోటీ. వాళ్లు కాగితాలు తడిపి తూచారని, మధ్యలో రాళ్లు పెట్టారని మనం కడుపు మండి ఏడ్చేవాళ్లం, గుర్తుందా? శనివారం మధ్యాహ్నానికి ఆరు కిలోలు వెనకబడ్డాం. నేను మన తరగతి దళ నాయకురాలిని. నిన్ను చూద్దామని వచ్చాను. మీ అమ్మ అంటుకుంటుందని లోపలికి రానివ్వలేదు, కిటికీలోంచి నీ వాచిన బుగ్గలు చూసి నవ్వాను. తిరిగి వెళ్తూ పాత పత్రికలేమైనా ఉంటాయేమోనని మీ కొట్టంలోకి దూరాను. జీనుల వెనక మేకతోలు మూట కనిపించింది. విప్పాను. పుస్తకం తెరిచాను. కుడి నుంచి ఎడమకి కోడికాళ్ల గీతల్లా ఉంది. ఒక్క అక్షరం అర్థం కాలేదు. మన తాతలు చదివిన లిపి అది, మన నాన్నలు రాసిన లిపి, మనకి కోడికాళ్లు. మేకతోలుకి తూకం రాదు కాబట్టి దాన్ని అక్కడే వదిలేసి పుస్తకాలు గోనెసంచిలో వేసుకున్నాను. ఆరున్నర కిలోలు. అరకిలోతో గెలిచాం.

ఆ కాగితాలు ఇంట్లో ఉంటే మీకు చిక్కని, నేను మీకు మేలే చేశానని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. తీస్తున్నప్పుడు అలా అనుకోలేదు. వారం తర్వాత కల్పించుకున్నాను, అప్పటి నుంచీ వాడుకుంటున్నాను.

బడికి తిరిగొచ్చి నువ్వు నా భుజం మీద తల పెట్టి, "మా అన్న పారేశాడే" అని ఏడ్చావు. అప్పుడు చెప్పాల్సింది. గెలుపు జెండా మన తరగతి గోడ మీద ఉంది, ఎర్రరుమాలు నా మెడలో ఉంది. మీ అన్న పెద్దవాడు, తట్టుకుంటాడులే అనుకున్నాను. బహుమతిగా ఇసిక్-కుల్ సరస్సుకి మూడు రోజులు తీసుకెళ్లారు. నీకోసం సంచెడు ఎండు ఆప్రికాట్లు తెచ్చాను. నువ్వు అమ్మకి కూడా మిగల్చకుండా అన్నీ తినేశావని సంతోషించాను కూడా.

ఇది చిన్నపిల్ల చేసిన పని అని నువ్వు అనవచ్చు. నేనూ అనుకుందును. కానీ నీ సెప్టెంబరు ఉత్తరం చూశాక, ఈ నెల ఒకటో తారీఖున ఇదే సంగతి రెండు పేజీలు రాశాను. రాసి మేజా గుడ్డ కింద పెట్టాను. దాని బదులు నీకు గులై కథ పంపాను. నగరమంతా ఆ ఫోటో అంటించి ఉంది, ఇప్పుడు చెబితే పెరిజాత్ పరువు పోతుంది, ఇరవై రోజులే కదా, మనిషి ఇరవై రోజులు ఉండడా అని. మీ అన్న పద్నాలుగు రోజులే ఉన్నాడు.

నిన్న మేం గెలిచాం. పిల్లలు నన్ను కుర్చీతో సహా ఎత్తారు. కిందకి దించేసరికి కుబాత్ నీ ఉత్తరం పట్టుకుని నిలబడి ఉన్నాడు.

పెరిజాత్‌కి అంతా చెప్పాను. "అపా, నీకప్పుడు పదమూడేళ్లే కదా" అంది. "అప్పుడు పదమూడు. ఈ నెల ఒకటిన అరవై ఎనిమిది" అన్నాను. ఇవాళ పొద్దున నిచ్చెన తీసుకుని పోస్టర్లు పీకడానికి వెళ్లింది.

క్షమించమని రాయడానికి చెయ్యి రావడం లేదు. మీ అన్న అడిగాడు, అతనికే దొరకలేదు. నేనేం అడగను?

ఉమ్సునాయ్

*

అట్-బాషి
నవంబర్ 12

ఉమ్సునాయ్,

మూడు వారాలు జవాబు రాయలేదు. మొదటి వారం నీ ఉత్తరం పొయ్యిలో వేద్దామనుకున్నాను. మన చేతుల్లో కాగితాలు పోయింది చాలని ఆగాను.

రెండో వారం దాన్ని తీసుకుని తాజీకాన్ దగ్గరికి వెళ్లాను. ఆమె కళ్లకి పొర వచ్చింది, నేనే పైకి చదివాను. గుడ్డిదీ చెవిటిదీ కూర్చుని నీ చేతిరాత విన్నాం. అయ్యాక ఆమె ఏడవలేదు. లేచి పాలు కాచింది. "ఆయనకి తెలిసి ఉంటే బాగుండేది" అంది. ఆ తర్వాత నాకు తెలియనిది ఒకటి చెప్పింది.

ఆ మూడు రోజులు అన్న ఎక్కడున్నాడో తెలుసా? అమ్మ కొట్టిన రోజే, బడి పిల్లలు చిత్తుకాగితాలు పోగుచేశారని గుర్తొచ్చి, ఎవరైనా తీసుకెళ్లి ఉంటారేమోనని లారీ ఎక్కి నారిన్‌లోని కాగితాల గోదాముకి పోయాడట. కొండంత కుప్ప. కావలివాడి కాళ్లావేళ్లా పడి మూడు రోజులు ఆ కుప్ప తవ్వాడు. మన బడి సరుకు రెండు రోజుల ముందే ఇంకో లారీలో ఎక్కడికో వెళ్లిపోయిందని చివర్లో చెప్పారు. చేతులన్నీ కాగితాల అంచులకి కోసుకుపోయి వచ్చాడు. కొమ్సొమోల్ వాళ్లతో తాగి ఎక్కడో పడ్డాడని అమ్మ అంది. నేనూ అన్నాను. "మాకెందుకు చెప్పలేదు?" అని తాజీకాన్‌ని అడిగాను. "ఎవరడిగారు బాత్మా?" అంది.

మిగతా అన్నిటికీ క్షమించమన్నాడు కదా. ఇంట్లో ఆ కాగితాల గురించి అరిచినందుకట. ఆ అరుపు అరవకపోతే పిన్నలూ పెద్దలూ తనని అనుమానించేవాళ్లు కాదని, అమ్మ మనసు విరిగేది కాదని చివరిదాకా అనేవాడట.

నిన్ను క్షమించానా అని అడగలేదు, మంచిపని చేశావు. నాకు తెలియదు. నీ మీద కోపం వచ్చినప్పుడల్లా నా మీద కూడా వస్తోంది. రెండూ విడదీయడం చేతకావడం లేదు. నువ్వు పుస్తకాలు తీశావు. ఇంట్లో పుట్టినదాన్ని, చేతులు చూడకుండా తీర్పు చెప్పినదాన్ని నేను. ఆ ఆప్రికాట్లు కూడా తిన్నాను.

కానీ ఒకటి నువ్వు చేయాల్సింది ఉంది. మెదెర్‌ని ఈ ఊళ్లో ఇప్పటికీ "నాయనమ్మ ఏడ్పులు పారేసినవాడి కొడుకు" అంటారు. ఆ మాట పుట్టించింది మా ఇల్లే. వాడి కూతురి పెళ్లి మాటల్లో కూడా అది వచ్చింది. ఇరవై నాలుగో తారీఖు అన్న నలభయ్యో రోజు. ఊరంతా వస్తుంది. భోజనాలకి ముందు, నీ నోటితో, అందరి ముందూ చెప్పు. ఉత్తరం చదివి వినిపించమంటే నేను చదవను. వస్తావో రావో ఒక్క ముక్క రాయి.

బాత్మా

*

బిష్కెక్
నవంబర్ 17

బాత్మా,

వస్తాను. ఇరవై మూడున కుబాత్ బండిలో ముందు సీటు చెప్పాను. డోలోన్ కనుమ మంచుకి మూసేస్తే తెరిచేదాకా దానికి ఇవతలి ఊరు కొచ్కోర్‌లోనే కూర్చుంటాను, వెనక్కి మాత్రం తిరగను.

చెప్పాల్సింది నాలుగు వాక్యాలు. అద్దం ముందు చెప్పి చూసుకుంటున్నాను. నలభై ఏళ్లు తరగతి గది చివరి బల్ల దాకా వినపడిన గొంతు మూడో వాక్యానికే ఆగిపోతోంది. అక్కడ ఆగితే నువ్వు అందించకు. నేనే చెప్పాలి.

ముంగిట్లో ఊయలలు బిగించారు. పిల్లలు రమ్మని పిలుస్తున్నారు. వాళ్ల తప్పేమీ లేదు, వెళ్లి ఊపి వస్తున్నాను.

నన్ను చూడగానే పెద్దదాన్నని, టీచరునని మీవాళ్లు లోపల గౌరవంగా పైవరసలో కూర్చోబెడతారు. మెదెర్‌కి ముందే చెప్పు, వద్దని. చెప్పడం అయ్యేదాకా తలుపు దగ్గర నిలబడే ఉంటాను. ఆ తర్వాత తాజీకాన్ ఎక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చుంటాను. బయటికి పొమ్మంటే పోతాను. ఇంజను ఆపొద్దని కుబాత్‌తో చెప్పి ఉంచాను.

ఉమ్సునాయ్